మొద్దు అని ముద్ర వేసేముందు



1896లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో, మార్గరెట్ మగ్వైర్ అనే బడి పంతులమ్మకు తన విద్యార్థి ఒకడి సంగతి అంతుపట్టలేదు. వాడికి 14 ఏళ్లు. తెలివితేటలు లేనివాడేమీ కాదు. కానీ స్పెల్లింగు రాదు. చదవమంటే ముందుకు సాగడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఆ పంతులమ్మ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం పాఠాలు కూడా వింటూ ఉండేది. అక్కడి ఆచార్యుడు లైట్నర్ విట్మర్ దగ్గరికి ఆ కుర్రాణ్ని తీసుకెళ్లి, వీడి ఇబ్బంది ఏమిటో చూడమని అడిగింది. పరీక్షిస్తే మొదట బయటపడింది చూపులో దోషం. కళ్లజోడు పెట్టించారు. అయినా చిక్కు పూర్తిగా విడిపోలేదు. కంటితో చూసిన మాట రూపం వాడికి గుర్తుండటం లేదని విట్మర్ తేల్చాడు. దానికి తగ్గట్టు విడిగా చదువు చెప్పడం మొదలుపెట్టారు. ఆ ఏడాదే ఆ విశ్వవిద్యాలయంలో విట్మర్ పెట్టిన క్లినిక్కునే ప్రపంచంలో మొదటి మానసిక క్లినిక్కుగా చరిత్రకారులు లెక్కిస్తారు. బడిపిల్లల కోసం పనిచేసే సైకాలజిస్టుల వృత్తికి మొదలు అక్కడే.

ఆ సంఘటనలో నన్ను ఆకట్టుకునేది విట్మర్ పాండిత్యం కంటే ఆ పంతులమ్మ అడిగిన ప్రశ్న. చదువు రాని పిల్లవాణ్ని చూసి వీడు మొద్దు అనుకోవడం సులువు. బద్ధకస్తుడు, మొండివాడు అనుకోవడం ఇంకా సులువు. ఆవిడ అలా అనుకోలేదు. ఎక్కడ ఆగిపోతున్నాడో తెలుసుకోవాలనుకుంది. స్కూల్ సైకాలజిస్టు చేసే పని మొత్తం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. పిల్లవాడి మీద ముద్ర వేసేముందు, ఎక్కడ ఆగిపోతున్నాడో ఓపికగా చూసే మనిషి ప్రతి బడికీ అందుబాటులో ఉండాలి. ఈ రోజు నేను మీకు చెప్పదలచుకున్నది అదే.

సైకాలజిస్టు అనగానే మనలో చాలామందికి పిచ్చాసుపత్రి గుర్తుకొస్తుంది. మా పిల్లవాడికి అలాంటిదేమీ లేదండీ అని తల్లిదండ్రులు ముందే తలుపు వేసేస్తారు. అందుకని ఎవరు ఏం చేస్తారో ముందు తెలుసుకుందాం. సైకియాట్రిస్టు వైద్యుడు. మందులు రాసేది ఆయన. స్పెషల్ టీచర్, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయుడు, రోజూ పక్కన కూర్చుని నేర్పిస్తాడు. కౌన్సెలర్ పిల్లల కష్టసుఖాలు విని, ధైర్యం చెప్పి, దారి చూపిస్తాడు. స్కూల్ సైకాలజిస్టు మందులు ఇవ్వడు. చదువు ఎలా వంటబడుతుంది, మనసు ఎలా ఎదుగుతుంది అన్న రెండు విషయాలనూ శాస్త్రీయంగా చదువుకుని, ఒక పిల్లవాడి విషయంలో ఆ రెండూ ఎక్కడ మెలిపడ్డాయో కనిపెడతాడు. ఆ మెలి విప్పడానికి పంతులుగారిని, తల్లిదండ్రులను, అవసరమైతే వైద్యుణ్ని ఒక్కచోటికి చేరుస్తాడు.

ఆ పని ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. నాలుగో తరగతి చదివే శ్రీను అనే పిల్లవాడు ఉన్నాడనుకోండి. పాఠం చదవమంటే తల దించుకుంటాడు. డిక్టేషన్ అంటే పెన్సిల్ పోయిందంటాడు. పక్కవాళ్లను గిల్లుతాడు. వీడితో వేగలేకపోతున్నామని టీచర్ చెప్పారు. సైకాలజిస్టు వెంటనే శ్రీనును గదిలోకి పిలిచి పరీక్ష పెట్టడు. ముందు తరగతిలో వెనక ఒక మూల కూర్చుని చూస్తాడు. తెలుగు పీరియడులో, లెక్కల పీరియడులో, ఆటల వేళ, అన్నం వేళ. గిల్లడం ఎప్పుడు మొదలవుతోంది? దానికి ముందు ఏం జరిగింది? తర్వాత ఏం జరిగింది? శ్రీను వంతు వచ్చే ముందే గొడవ మొదలవుతోందని, టీచర్ బయట నిలబెట్టగానే వాడి ముఖం తేటపడుతోందని గమనించాడనుకోండి. సగం సంగతి తెలిసిపోయినట్టే. బయట నిలబెట్టడం మన దృష్టిలో శిక్ష. శ్రీనుకు అది అందరి ముందూ చదవలేక సిగ్గుపడే గండం నుంచి తప్పించుకునే దారి. శిక్ష పెరిగినకొద్దీ అల్లరి ఎందుకు పెరుగుతోందో అప్పుడు అర్థమవుతుంది.

తర్వాత కళ్లు, చెవులు చూపిస్తారు. బోర్డు మీది అక్షరాలు కనిపించని పిల్లవాడు, చెవిలో తరచూ చీము కారే పిల్లవాడు పాఠం ఎలా పట్టుకుంటాడు? రక్తహీనత ఉందా, పొద్దున ఏమైనా తిని వస్తున్నాడా, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు అని అడుగుతారు. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి. అసలు కారణం ఇక్కడే దొరికితే, పెద్ద పెద్ద పరీక్షలతో పని ఉండదు.

ఆ తర్వాత తల్లిదండ్రులతో మాటలు. మాటలు ఆలస్యంగా వచ్చాయా? ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు చదువులో ఇలాంటి ఇబ్బంది ఉండేదా? పనుల కోసం వలస వెళ్లి మధ్యలో బడి మానిపించారా? ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా? ఇవన్నీ తప్పు పట్టే గొంతుతో అడిగితే ఒక్క జవాబూ రాదు. బడికి పిలిచారంటేనే తల్లి సగం కుంగిపోయి వస్తుంది. నీ బిడ్డ గురించి మాకంటే నీకే బాగా తెలుసమ్మా, చెప్పు అని కూర్చోబెట్టడం ఈ వృత్తిలో పెద్ద నేర్పు.

ఇక నోటుబుక్కులు. తప్పులకూ ఒక తీరు ఉంటుంది. ద, ధ, థ ఒకదాని బదులు ఒకటి రాస్తున్నాడా? ప, వ, ష దగ్గర తడబడుతున్నాడా? ఒత్తులు వదిలేస్తున్నాడా? చూచిరాత ముత్యాల్లా ఉండి డిక్టేషన్ మాత్రం గజిబిజిగా ఉందా? అలా ఉంటే చేతిలో లోపం లేదని తెలుస్తుంది. విన్న ధ్వనిని అక్షరంగా మార్చుకునే చోట చిక్కు ఉందేమో చూడాలి.

ఇక్కడ మన తెలుగు పిల్లల విషయంలో ప్రత్యేకంగా చెప్పుకోవలసింది ఉంది. తెలుగులో రాసినట్టే చదువుతాం. అందుకని డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం దగ్గర ఎదురయ్యే ప్రత్యేకమైన ఇబ్బంది, ఉన్న పిల్లవాడు కూడా కొంతకాలానికి అక్షరం అక్షరం కూడబలుక్కుని మాటను సరిగ్గానే పలకవచ్చు. తప్పులు తక్కువ కనిపిస్తాయి, చదివే వేగం మాత్రం పెరగదు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట ఏం చదివాడో మరిచిపోతాడు. ఇంగ్లీషులో అక్షరానికీ ఉచ్చారణకూ అంత పొత్తు ఉండదు కనుక అక్కడ అదే పిల్లవాడు పూర్తిగా చతికిలబడతాడు. ఇంగ్లీషు మీడియంలో వేసిన పిల్లవాడు చదవలేకపోతుంటే ముందుగా ఈ సంగతి తేల్చుకోవాలి. తెలుగు ధారాళంగా చదువుతూ ఇంగ్లీషులో మాత్రమే తడబడుతున్నాడా? అయితే ఆ భాష ఎలా నేర్పుతున్నారో చూసుకోవాలి. తగినంత కాలం సరిగ్గా నేర్పిన తర్వాత కూడా రెండు భాషల్లోనూ అదే అవస్థ పడుతున్నాడా? అప్పుడు డిస్లెక్సియా గురించి ఆలోచించాలి. ఇంట్లో కోయ, గోండి, సవర, లంబాడీ మాట్లాడి, బడిలో అడుగుపెట్టగానే తెలుగో ఇంగ్లీషో వినే పిల్లల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. కొత్త భాష తెలియకపోవడం తెలివి తక్కువతనం కాదు.

ఇవన్నీ అయ్యాక, అప్పటికీ అవసరమనిపిస్తేనే, ప్రమాణీకరించిన పరీక్షలు. బినే కామత్ పరీక్ష, మాలిన్ రూపొందించిన భారతీయ బాలల ప్రజ్ఞామాపని వంటివి మన దేశంలో చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. వాటితోపాటు చదవడం, రాయడం, లెక్కలు చేయడం ఏ తరగతి స్థాయిలో ఉన్నాయో కొలుస్తారు.

ఈ పరీక్షల చరిత్ర నుంచి ఈ వృత్తి నేర్చుకున్న గట్టి పాఠం ఒకటుంది. ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ కలిసి 1905లో మొదటి ప్రజ్ఞామాపని తయారుచేశారు. బడిలో అదనపు సాయం కావలసిన పిల్లలను గుర్తించడం దాని ఉద్దేశం. తెలివి పుట్టుకతోనే గీత గీసినట్టు ఆగిపోతుందన్న మాటను బినే ఒప్పుకోలేదు. శిక్షణతో అది పెరుగుతుందని 1909లో రాసిన పుస్తకంలో గట్టిగా వాదించాడు. ఆయన తర్వాత చాలాచోట్ల ఆ హెచ్చరికను పక్కన పెట్టి, పరీక్షలో వచ్చిన అంకెతోనే పిల్లల తలరాతలు నిర్ణయించారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషులో పరీక్ష పెట్టి, బుద్ధిమాంద్యం ఉందని వేరే తరగతుల్లో కూర్చోబెట్టారు. వాళ్ల తరఫున కోర్టుకు వెళితే, పిల్లవాడికి వచ్చిన భాషలోనే పరీక్షించాలని 1970లో ఒప్పందం కుదిరింది. నల్లజాతి పిల్లలను అదే తీరున వేరు తరగతులకు పంపడానికి ప్రజ్ఞా పరీక్షలు వాడకూడదని 1979లో అక్కడి ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. అందుకే మంచి సైకాలజిస్టు ఒక్క అంకె చూసి తీర్పు చెప్పడు. ఎవరైనా ఒక్క గంట పరీక్ష పెట్టి, మీవాడి ఐక్యూ ఇంతే, వీడికి చదువు రాదు అని చెబితే నమ్మకండి. తరగతిలో ఎలా ఉంటున్నాడో చూశారా, ఏ భాషలో పరీక్షించారు అని అడగండి. అడిగే హక్కు మీకుంది.

మళ్లీ శ్రీను దగ్గరికి వద్దాం. కారణం తెలిశాక టీచర్, తల్లిదండ్రులు, స్పెషల్ టీచర్, సైకాలజిస్టు కలిసి కూర్చుంటారు. అందరి ముందూ ఉన్నపళంగా చదవమనడం ఆపుతారు. రోజుకు ఇరవై నిమిషాలు ధ్వనినీ అక్షరాన్నీ జతచేసే అభ్యాసం పెడతారు. సైన్సు, సాంఘికశాస్త్రం పాఠాలు వాడికి నోటితో చదివి వినిపిస్తారు. జవాబు నోటితో చెప్పే అవకాశం ఇస్తారు. కొన్ని వారాలకోసారి వేగం కొలిచి చూస్తారు. మెరుగుపడకపోతే పిల్లవాణ్ని తిట్టరు, నేర్పే పద్ధతి మారుస్తారు. ఇందులో సగానికి పైగా పెద్దవాళ్లు చేయవలసిన మార్పులే అని గమనించండి. సైకాలజిస్టు ఒక టీచరుకు ఒక మెళకువ నేర్పితే, అది ఆ టీచర్ చేతిమీదుగా ఏటా ఎందరో పిల్లలకు చేరుతుంది.

మన చట్టం కూడా ఇలాంటి పిల్లల పక్షాన ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యం కూడా ఉంది. వైకల్య ధ్రువపత్రం ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు దొరుకుతాయి. దీన్ని దయగా భావించి మొహమాటపడవద్దు. ఇది పిల్లవాడి హక్కు.

చదువు ఒక్కటే సైకాలజిస్టు పని కాదు. నిన్నటిదాకా గలగలా మాట్లాడిన అమ్మాయి హఠాత్తుగా మౌనంగా ఉండిపోతుంది. తండ్రి పోయిన పిల్లవాడు బడికి తిరిగి వచ్చి, ఏమీ జరగనట్టు కూర్చుంటాడు. హాస్టల్లో పెద్ద పిల్లలు వేధిస్తుంటే చిన్నవాడు ఎవరికీ చెప్పుకోలేక తరచూ కడుపునొప్పి అంటాడు. వీళ్లతో మాట్లాడటానికి శిక్షణ కావాలి. బిడ్డ చెప్పిన మాటలు బడంతా పాకితే రెండోసారి నోరు విప్పదు. అందుకని పిల్లలు చెప్పింది గుట్టుగా ఉంచడం ఈ వృత్తి నియమం. ఆ గుట్టుకు ఒక హద్దు కూడా ఉంది. పిల్లలు తమకు తాము హాని చేసుకునే ప్రమాదం ఉన్నా, వాళ్లకు మరొకరు హాని చేస్తున్నా మౌనంగా ఉండకూడదు. లైంగిక వేధింపు సంగతి తెలిసినవాళ్లు తప్పనిసరిగా ఫిర్యాదు చేయాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. ఈ హద్దు ఎక్కడుందో మొదటి రోజే పిల్లలకు అర్థమయ్యే మాటల్లో చెప్పడం నిజాయితీ.

ఇప్పుడు మన గుండెల మీద భారంగా ఉన్న విషయానికి వస్తాను. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్మీడియట్, నీట్, జేఈఈ చదువుల ఒత్తిడి ఎంతో మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను గాని, సైకాలజిస్టును గాని, సామాజిక కార్యకర్తను గాని కనీసం ఒక్కరినైనా నియమించుకోవాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో అనుసంధానం పెట్టుకోవాలి. మార్కుల్ని బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడగొట్టడం, నలుగురిలో అవమానించడం మానుకోవాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులు తగ్గగానే సెక్షన్ మార్చి, కింది సెక్షన్‌లో కూర్చోబెట్టే అలవాటు మన దగ్గర ఎంతగా పాతుకుపోయిందో తెలిసినవాళ్లకు ఈ మార్గదర్శకాల విలువ తెలుస్తుంది.

పిల్లలు బతకాలని లేదన్నట్టు మాట్లాడితే, బెదిరింపుకు అంటున్నారులే అని కొట్టిపారేయకండి. అలాంటి ఆలోచనలు వస్తున్నాయా అని నేరుగా, మెత్తగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అని భయపడవద్దు. అడగడం వల్ల మేలే జరుగుతుందని నిపుణులు చెబుతున్నారు. ఆ బిడ్డను ఒంటరిగా వదలకండి. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ 14416 నంబరులో ఉచితంగా, పగలూ రాత్రీ అందుబాటులో ఉంటుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది. ఈ రెండు నంబర్లూ కాగితం మీద రాసి ఇంట్లో కనిపించేచోట అంటించుకోండి.

ఇంతమంది నిపుణులు మనకు ఎక్కడ దొరుకుతారు అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో ఈ వృత్తి సంఘం 500 మంది విద్యార్థులకు ఒక సైకాలజిస్టు ఉండాలని సిఫారసు చేసింది. అక్కడే చాలా రాష్ట్రాలు ఆ లెక్కను అందుకోలేదు. అయితే మొదలుపెట్టిన తీరు చూడండి. 1915లో కనెటికట్ రాష్ట్ర విద్యామండలి ఆర్నాల్డ్ గెసెల్ అనే నిపుణుణ్ని స్కూల్ సైకాలజిస్టు అన్న హోదాతో నియమించింది. ఆయన ఒక్క బడికి పరిమితం కాకుండా పల్లెటూళ్ల బడులకు వెళ్లి పిల్లలను చూసేవాడు. మనం కూడా మండలానికి ఒకరితో మొదలుపెట్టవచ్చు.

పునాది లేకుండా కూడా లేం. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. వాళ్లకు నేర్పే రిసోర్స్ టీచర్లున్నారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తున్నాయి. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ సికింద్రాబాదులోనే ఉంది. విశ్వవిద్యాలయాల నుంచి ఏటా సైకాలజీ చదివిన యువతీయువకులు బయటికి వస్తున్నారు. లేనిదల్లా వీళ్లందరినీ ఒక తాటిమీదికి తెచ్చే ఉద్యోగం. అంటే బడుల మధ్య తిరుగుతూ, ఎవరి అవసరం ఎక్కడుందో చూసి, టీచరుకు తోడుగా నిలిచే ఒక శాశ్వత పదవి. ఒక టీచరుకు ఇన్ని తరగతులు, ఇన్ని రికార్డులు అప్పగించి, పైగా ప్రతి పిల్లవాడి మనసూ నువ్వే చూసుకో అనడం న్యాయం కాదు. మంచి టీచర్లు కూడా అలసిపోయేది ఇక్కడే.

అందుకని తల్లిదండ్రులకు ఒక మాట. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులూ సంరక్షకులే ఉండాలి. మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనం, గోడల రంగుల గురించి అక్కడ మాట్లాడుకుంటున్నాం. మాట్లాడుకోవలసిందే. ఈసారి సమావేశంలో మరో మూడు ప్రశ్నలు కూడా అడగండి. మన బడిలో చదవలేక వెనకబడుతున్న పిల్లలను ఎవరు, ఎలా గుర్తిస్తున్నారు? గుర్తించాక ఎవరి దగ్గరికి పంపుతున్నారు? పంపిన తర్వాత ఏం మారిందో ఎవరు చూస్తున్నారు? ప్రైవేటు బడిలో, కాలేజీలో చేర్పించేటప్పుడు ర్యాంకుల ప్రకటన చూసి ఆగిపోకండి. మీ కౌన్సెలర్ ఎవరు, ఏం చదువుకున్నారు, మా పిల్లవాడు వాళ్లను ఎప్పుడు కలవవచ్చు అని అడగండి. పదిమంది అడిగితే సంస్థలు ఏర్పాటు చేస్తాయి. ఎవరూ అడగకపోతే కోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఫైళ్లలోనే ఉండిపోతాయి.

టీచర్లకు కూడా ఒక విన్నపం. మీరు గుర్తించకపోతే ఏ సైకాలజిస్టూ ఏమీ చేయలేడు. పిల్లవాడి ఇబ్బంది మొదట కనిపించేది మీకే. వీడికి రాదు అని రాసేముందు, ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు రావడం లేదు, దానికి ముందు ఏం జరిగింది అన్న మూడు ముక్కలు ఒక వారం పాటు రాసి పెట్టండి. నిపుణుడు వచ్చిన రోజు ఆ కాగితం ఎంతో పనికొస్తుంది. రాకపోయినా, ఆ పిల్లవాణ్ని మీరు చూసే తీరు మారుతుంది.

బడి మానేసిన పిల్లలను వెతికి తెచ్చుకోవడానికి మనం ప్రతి ఏటా ఎంతో శ్రమపడుతున్నాం. మానకముందే వాళ్ల పక్కన కూర్చుని కారణం కనుక్కునే మనిషి మన బడులకు కావాలి. ఆ మనిషి కోసం అడుగుదాం, వచ్చేదాకా అడుగుతూనే ఉందాం.